నీలానికీ ఊదాకీ మధ్య

ఆ వేసవిలో మా మామయ్యకు పని లేకపోవడం వల్ల ఇంట్లో అందరికీ పని పెరిగింది.

మామయ్య నూలుబట్టకు రంగులు వేసే మిల్లులో డైయింగ్ మాస్టరు. ఎండలు ముదిరి నీళ్లు చాలనప్పుడు ఏటా రెండు నెలలు ఆ మిల్లు మూస్తారు. ముప్పై ఏళ్లుగా రంగుతొట్ల మధ్య నిలబడి ఇరవైమందిని అదిలించిన మనిషికి, ఇంట్లో కూర్చునేసరికి ముగ్గురమే దొరికాం. అందులో మా ఆయన బస్సు డ్రైవరు, తెల్లారగానే డ్యూటీ పేరు చెప్పి పారిపోయేవాడు. అత్తయ్యకు కుట్టుమిషను ఉంది. మామయ్య నోరు తెరవగానే ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టేది, ఆ చప్పుడులో ఇంకేమీ వినపడేది కాదు. మిగిలింది నేను. చిన్నపిల్లల బడిలో టీచర్ని, నాకూ సెలవులే. పైగా పెళ్లయి ఏడాది తిరగని కోడల్ని. ఎదురు చెప్పే చనువు ఇంకా రాలేదు.

ఒకరోజు పొద్దున్నే అత్తయ్య మిషను ఆపి, "వచ్చే నెల ఇరవైకి మన పెళ్లయి ముప్పై ఏళ్లు నిండుతాయి. గుర్తుందా?" అంది.

"గుర్తులేకేం? మిల్లువాళ్లందర్నీ పిలుద్దాం" అన్నారు మామయ్య, గుర్తులేదని ముఖం మీద స్పష్టంగా కనిపిస్తుండగా.

"పిలవండి. కానీ మందు సీసా మాత్రం ఈ గుమ్మం దాటి లోపలికి రాదు. ముందే చెప్తున్నా."

"మందు లేకపోతే మావాళ్లు వస్తారా? వచ్చినా కూర్చుంటారా? చేతిలో గ్లాసు లేకపోతే వాళ్లకి మాట కూడా పెగలదే!"

"గ్లాసేగా కావాల్సింది, ఇద్దాం. అందులో ఏం పోయాలో నా కోడలు చూసుకుంటుంది."

నన్ను అడగకుండానే నా నెత్తిన పడిన పని అది. అయినా నాకు వెంటనే ఒకటి తోచింది. బడిలో పిల్లలకు ఓసారి శంఖుపూల నీళ్ల గారడీ చూపించాను. ఆ నీలం పూలు వేడినీళ్లలో వేస్తే నీళ్లు చిక్కని నీలమవుతాయి. నిమ్మరసం పిండితే కళ్లముందే ఊదా రంగులోకి తిరుగుతాయి, ఇంకా పిండితే గులాబీ రంగుకొస్తాయి. పిల్లలు ఆ రోజంతా ఇంకో పాఠం చెప్పనివ్వలేదు. తేనె వేసి, చల్లగా చేసి ఇస్తే పెద్దవాళ్లు మాత్రం పిల్లలు కారా ఏమిటి?

అత్తయ్య పిలవాల్సినవాళ్ల పేర్లు వరసగా చెబుతూ, "మరి గ్రాములక్కో?" అంది.

మామయ్య ముఖం మాడిపోయింది. "ఆ మనిషి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు."

అత్తయ్య మిషను తొక్కింది. ఆ సంగతేమిటో ఆనక వంటింట్లో చెప్పింది. గ్రాములక్క మిల్లులో రంగుపొడులు తూచే మనిషి. పదిహేనేళ్లుగా తూచీ తూచీ, తలనొప్పి వచ్చినా రెండొందల గ్రాములుందని చెప్పేంత అలవాటైపోయిందట. మిల్లు మూసే ముందు బడిపిల్లల యూనిఫాంల కోసం ముదురు నీలం బట్ట లాటు ఒకటి వెళ్లింది. వారం తిరక్కుండా మొత్తం సరుకు వెనక్కొచ్చింది. బట్ట నీలంగా లేదు, ఊదాగా ఉంది. తొట్టిలోంచి తీసినప్పుడు షేడ్ సరిగ్గానే ఉందనీ, తన కళ్లతో తాను చూశాననీ మామయ్య గట్టిగా చెప్పారు. తూకంలో ఎరుపు ఎక్కువ పడి ఉంటుందన్నారు. మాస్టరు మాటంటే ఓనరుకు వేదవాక్కు. గ్రాములక్కను పనిలోంచి తీసేశారు.

"మన పెళ్లిరోజని ఏటా ముందు ఫోన్ చేసేది ఆ పిల్లే" అంది అత్తయ్య.

*

వెనక వీధిలో ఒక ముసలాయన ఇంటి కంచె నిండా శంఖుపూల తీగ అల్లుకుని ఉండేది. "కోసుకో తల్లీ, కోసేకొద్దీ పూస్తాయి" అన్నాడాయన. రోజూ పొద్దున్నే దోసెడు పూలు తెచ్చి, తొడిమలు తీసేసి, కాగిన నీళ్లు కాస్త నిలవనిచ్చి అందులో వేసి మూత పెట్టేదాన్ని.

మొదటి రోజు నీళ్లు నీలంగా కాకుండా చెరువు పాచిలా పచ్చగా దిగాయి. ఎందుకిలా అయిందని నేను నాలో నేను గొణుక్కుంటుంటే మామయ్య గుమ్మంలోంచే అడిగారు.

"ఏ నీళ్లు పోశావు?"

"బోరు నీళ్లు, మామయ్యా."

"ఇంకేం మరి! బోరు నీళ్లు చౌడు నీళ్లు, వాటిల్లో సోడా గుణం ఉంటుంది. పులుపు పడితే రంగు ఒకవైపు తిరుగుతుంది, సోడా పడితే ఇంకోవైపు. నీళ్ల సంగతి తెలియనివాడికి రంగు సంగతి తెలియదమ్మా. తాగే నీళ్లు పొయ్యి."

గిన్నెలోకి తొంగి చూడకుండానే చెప్పారు. తాగే నీళ్లు పోశాను. నీలం అద్భుతంగా దిగింది. ఆ రోజుతో వంటిల్లు మామయ్య చేతుల్లోకి వెళ్లిపోయింది. పువ్వుల్ని పిండకూడదు, పిండితే వగరు దిగుతుంది. నూలుబట్టలో రెండుసార్లు వడగట్టాలి. చల్లారేవరకు మూత తీయకూడదు. ఆయన చెప్పిన ప్రతిదీ నిజమే. పని దొరికిన మనిషి ముఖం వెలిగిపోతుంటే నాకూ ముచ్చటేసింది. వారం రోజుల్లో మొదటిసారి అత్తయ్య మిషను తొక్కకుండా ఊరుకుంది.

చిక్కంతా నిమ్మకాయ దగ్గర వచ్చింది.

నేను గ్లాసులో అరచెక్క పిండాను. నీలంలోంచి ఊదా పొగలాగా లేచి, మెల్లగా గ్లాసంతా పరుచుకుంది. నేను పిల్లలా చప్పట్లు కొట్టాను.

"ఏదీ? తిరగలేదే!" అన్నారు మామయ్య.

"తిరిగింది మామయ్యా, చూడండి."

ఆయన గ్లాసెత్తి కిటికీ వైపు పట్టి చూశారు. "నీ నిమ్మకాయల్లో పులుపు లేదు. ఇలా తే." ఇంకో చెక్క పిండారు. ఇంకోటి. నాలుగోది పిండాక నీళ్లు గులాబీ రంగుకొచ్చాయి. "ఆఁ, ఇప్పుడు తిరిగింది! రంగంటే ఇట్లా తిరగాలి."

సాయంత్రం మా ఆయన వచ్చి పాపం తెలియక ఒక్క గుక్కలో సగం గ్లాసు తాగాడు. రెండు కళ్లూ మూసుకుపోయాయి. "నాన్నా, సడన్ బ్రేకు వేసినట్టుంది" అన్నాడు, గొంతు తిరిగి వచ్చాక. అత్తయ్య ఒక చుక్క నాలుక మీద వేసుకుని, మిగతాది ఇత్తడి సామాన్లు తోమడానికి పక్కన పెట్టింది.

"తేనె పెంచితే సరి" అన్నారు మామయ్య. తేనె పెంచితే దగ్గుమందులా అయింది. నిమ్మరసం తగ్గించనిచ్చేవారు కాదు. తగ్గిస్తే రంగు తిరగలేదనేవారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పది రోజులపాటు మా ఇంట్లో అందరి పళ్లూ పులిసిపోయాయి. నిమ్మకాయలమ్మే ఆవిడ నన్ను వీధి చివరే గుర్తుపట్టి సంచీ అందుకునేది.

*

మామయ్య కునుకు తీసే వేళ చూసి, ఒక మధ్యాహ్నం నాకు నచ్చినట్టు చేద్దామనుకున్నాను. ఒక గ్లాసులో నిమ్మరసం లేకుండా నీలం పోశాను. రెండోదాంట్లో అరచెక్క పిండి, తేనె కలిపి ఊదా చేశాను. పోలిక తెలుస్తుందని రెండూ కిటికీలో పక్కపక్కన పెట్టాను. ఎండ వాటిలోంచి దిగి గచ్చు మీద రెండు రంగుల మరకలు పరిచింది. ఒకటి నీలం, ఒకటి ఊదా. పసిపిల్లలు కూడా విడిగా చెప్పగలరు.

మామయ్య లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు. నిమ్మచెక్కలు తక్కువున్నాయని తిడతారేమో అనుకున్నాను. ఆయన వంగి, ఒక గ్లాసు చూశారు. రెండోది చూశారు. మళ్లీ మొదటిది చూశారు. మిల్లులో నమూనా బట్ట పక్కన కొత్త బట్ట పెట్టి చూసేటప్పుడు కూడా అలాగే చూసేవారట.

"శభాష్" అన్నారు. "రెండుసార్లు విడివిడిగా కాచి ఒకే షేడ్ పట్టుకోవడం తేలిక కాదు. వెంట్రుకవాసి తేడా లేదు. ఇది వచ్చిందంటే నీకు పని వచ్చినట్టేనమ్మా."

"అవును మామయ్యా" అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి వేసి, మంచినీళ్లు తాగి, అరుగు మీదకు వెళ్లిపోయారు. నేను ఆ రెండు గ్లాసుల ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆ ఇంటికి వచ్చాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

అత్తయ్యతో చెప్పడానికి ఒక రోజంతా పట్టింది. కాలరు కుడుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ, "అయితే ఆ పిల్ల తూకం..." అని మధ్యలో ఆగింది. తర్వాత దారం కొరికి తెంపింది. "ఆయనకి చెప్తే వినరు. నా కళ్లు మసకేస్తున్నాయని చెప్పి రేపు ఆసుపత్రికి తోడు రమ్మంటా."

*

కళ్ల ఆసుపత్రిలో అత్తయ్య వంతు వచ్చింది. డాక్టరమ్మ కుర్చీ చూపించింది. అత్తయ్య మామయ్య భుజాలు పట్టి అందులో కూర్చోబెట్టింది.

"నాకేం లేదమ్మా. ఈయన్ని చూడండి."

"ఏమిటే ఇది? నా కళ్లకేం వచ్చింది? సూదిలో దారం ఎక్కిస్తా కావాలంటే!"

"దారం ఎక్కిస్తారు. ఏ రంగు దారమో చెప్పండి ముందు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ లైటు వేసింది. కుడికన్నూ ఎడమకన్నూ చూసి, "రెండింట్లోనూ శుక్లాలు వచ్చాయండి. బాగా పసుపు తిరిగాయి. పసుపు అద్దాల్లోంచి లోకాన్ని చూస్తున్నారన్నమాట. ముందు నీలం, ఊదా లాంటివే దెబ్బతింటాయి" అంది. "భయమేం లేదు. చిన్న ఆపరేషను, ఒకదాని తర్వాత ఒకటి చేద్దాం. మీరేం పని చేస్తారు?"

మామయ్య ముందుకు వంగారు. "ఇది రెండు నెలల కిందట కూడా ఉండి ఉంటుందా?" అని అడిగారు.

"రెండు నెలలేమిటండీ? రెండేళ్ల నుంచి ముదురుతూ ఉండి ఉంటుంది. కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి మనకు తెలియదు."

ఇంటికి వచ్చేదారిలో ఆయన మా ముందే నడిచారు. మా వీధి మలుపు దగ్గర ఆగి, అత్తయ్యతో, "నువ్వు ఇంటికెళ్లు" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు నాతో రామ్మా. ఒక్కణ్ణే వెళ్తే వెనక్కి తిరిగి వచ్చేస్తానేమో" అన్నారు.

*

గ్రాములక్క ఒక కూరగాయల కొట్టులో తూకం దగ్గర కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, జుట్టు బిగించి ముడి వేసుకుంది. మమ్మల్ని చూసి లేవలేదు. ముందున్న ఆయనకు టమాటాలు తూచి, ఒకటి తీసి, చిన్నది వేసి, ముల్లు సరిగ్గా నిలిచాక సంచీలో పోసింది.

"ఏం కావాలి మాస్టరుగారూ?" అంది.

"నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి. మళ్లీ బేరం వచ్చేలోపే."

మామయ్య తలను ఒకసారి తడుముకున్నారు. తొట్ల దగ్గర ఇరవైమందిని అదిలించిన గొంతు దొరకడానికి కొంచెం టైం పట్టింది.

"ఆ లాటులో తప్పు నీది కాదమ్మాయ్. నా కళ్లలో పొరలు వచ్చాయట. నీలానికీ ఊదాకీ తేడా తెలియడం లేదు నాకు. షేడ్ సరిచేస్తున్నాననుకుని ఎరుపు కలిపింది నేనే. తప్పు నా కళ్లది."

గ్రాములక్క తక్కెడ మీద ఉన్న మట్టి తుడిచింది.

"కళ్లది కాదు మాస్టరుగారూ, నోటిది. కళ్లు ఎవరికైనా పొరబడతాయి. పదిహేనేళ్లు మీ పక్కన తూచాను. 'అమ్మాయ్, ఎంత తూచావు, ఒకసారి తూకాల పుస్తకం చూపించు' అని నన్ను అడగడానికి మీకు నోరు రాలేదు. తిన్నగా ఓనరు దగ్గరికి వెళ్లారు."

నేను అక్కడ లేకపోతే బాగుండుననిపించింది. మామయ్య మాత్రం తల దించుకోలేదు, పక్కకీ చూడలేదు.

"నిజం" అన్నారు. "నోటిదే."

ఆ మాటకు ఆమె మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత నావైపు చూసి, "కోడలా?" అంది. నేను తలూపాను. రెండు మంచి నిమ్మకాయలు ఏరి నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో నిమ్మకాయల కరువేమీ లేదని ఆమెకు ఎలా తెలుస్తుంది?

"ఇప్పుడే ఇటునుంచి ఇటే ఓనరు ఇంటికి వెళ్తున్నా. జరిగింది చెప్తా. నిన్ను మళ్లీ పిలిపిస్తా" అన్నారు మామయ్య. "ఇరవయ్యో తారీఖున మా ఇంటికి రా. మా పెళ్లిరోజు."

"తెలుసు" అంది ఆమె. "చూస్తా." అప్పటికే వెనక ఎవరో వంకాయలు పట్టుకుని నిలబడ్డారు.

ఓనరు ఇంట్లో మామయ్య ఏం మాట్లాడారో నాకు తెలియదు, నన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. బయటికి వచ్చినప్పుడు మాత్రం చొక్కా చెమటతో తడిసి ఉంది. ముఖం తేటగా ఉంది. "ఆకలేస్తోందమ్మా" అన్నారు.

*

కుడికన్ను ఆపరేషను వారం తిరక్కుండా అయిపోయింది. మర్నాడు కట్టు విప్పి నల్లద్దాలు ఇచ్చి పంపారు. ఇంటికి రాగానే ఆయన నల్లద్దాలు ముక్కు మీదకు జార్చి ముందుగదిలో నిలబడి, ఎడమకన్ను మూసి చూశారు. తర్వాత కుడికన్ను మూసి చూశారు.

"ఈ గోడకి ఈ దిక్కుమాలిన రంగు ఎవరు వేయించారు?"

"ఇంకెవరు, మీరే!" అంది అత్తయ్య. "వద్దు మొర్రో అన్నా. పోయినేడు నేను చెప్తే, 'రంగుల గురించి నాకు చెప్తావా' అన్నారు."

"నేను వేయించింది తెలుపు."

"ఇది లేత ఊదా. ఏడాదినుంచి అందులోనే కాపురం చేస్తున్నాం."

మా ఆయన అన్నం ముందు కూర్చుని నవ్వలేక, మింగలేక పొలమారి దగ్గాడు. ఆ రోజంతా మామయ్య ఒక కన్ను మూస్తూ, ఒక కన్ను తెరుస్తూ ఇల్లంతా తిరిగారు. నల్లవనుకుని మిల్లుకూ పెళ్లిళ్లకూ వేసుకెళ్లిన ప్యాంట్లలో రెండు ముదురు నీలం. అరుగు ముందు ఆకాశం వైపు చూసి చాలాసేపు ఊరికే నిలబడ్డారు. అత్తయ్య వెళ్లి లోపలికి పిలిస్తే, "ఉండవే, దీన్ని చూసి ఎన్నాళ్లయిందో" అన్నారు.

శంఖుపూల గ్లాసు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అరచెక్క పిండాను. ఆయన కళ్లద్దాలు తీసేయబోతే అత్తయ్య కేకేసింది. అద్దాల కిందనుంచే చూశారు. ఊదా లేచి, మెలికలు తిరిగి, పరుచుకుంది.

"అరె" అన్నారు. అంతే. తర్వాత తాగారు. "ఇంత బాగుంటుందా ఇది? మరి పది రోజులు ఆ పులుపంతా ఎందుకు తాగించావమ్మా మాకు?"

*

ఇరవయ్యో తారీఖు సాయంత్రం, ఎండ ఇంకా వాలకముందే మిల్లువాళ్లు వచ్చారు. నీలం నీళ్లను ముందురోజే ఐసు ముక్కలు చేసి ఉంచాను. గ్లాసులో తేనె కలిపిన నిమ్మనీళ్లు పోసి, రెండు నీలం ముక్కలు వేసి ఇచ్చాం. ముక్క కరిగేకొద్దీ గ్లాసులో ఊదా చారలు దిగుతుంటే, పొద్దస్తమానం రంగుల్లో మునిగే ఆ మనుషులు నోళ్లు తెరిచి చూశారు. బాయిలరు దగ్గర పనిచేసే ఆయన సీసా ఒకటి సంచీలో దాచుకొచ్చాడని అందరికీ తెలుసు. ఆ సంచీ గుమ్మం బయటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. దాని యజమాని నాలుగో గ్లాసు కోసం నా వెనకే తిరిగాడు.

గ్రాములక్క అందరికంటే ఆఖర్న వచ్చింది. గేటు దగ్గర ఆమె కనిపించగానే మాటలు సన్నగిల్లాయి. అత్తయ్య ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఈసారి ఫోన్ చేయలేదేం?"

"మనిషినే వచ్చాగా అక్కా" అందామె. తర్వాత నేరుగా మామయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"ఓనరు కబురు పంపారు. నేను వస్తాను. కానీ ఒక మాట. ఇకనుంచి ఏ లాటైనా మీరు చూశాక నేనూ చూడాలి. నేను సరేనంటేనే బయటికి వెళ్లాలి. మీ కళ్లు బాగయ్యాక కూడా."

ఎవరి గ్లాసూ కదల్లేదు. డైయింగ్ మాస్టరు చూశాక ఇంకొకరు షేడ్ చూడటం ఆ మిల్లులో ఎప్పుడూ జరగలేదు. మామయ్య పళ్లెంలోంచి ఒక గ్లాసు తీశారు. ఐసు కరిగి రంగు పూర్తిగా కలిసిపోయి ఉంది. దాన్ని ఆమెకు అందించారు.

"ఇది ఏ షేడ్ అంటావు?"

గ్రాములక్క గ్లాసు పైకెత్తి వెలుగుకు పట్టింది. తొందరపడలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఒక గుక్క తాగింది.

"ఊదా. ఎరుపు కొంచెం ఎక్కువైంది. గ్లాసుకి ఐదు గ్రాములు నిమ్మరసం తగ్గించాలి."

మామయ్య ఆ గ్లాసు తీసుకుని తానూ వెలుగుకు పట్టి చూశారు, ఎడమకన్ను మూసుకుని. తర్వాత నావైపు తిరిగారు.

"విన్నావుగా అమ్మా. తగ్గించు."

నేను లోపలికెళ్లి తగ్గించాను. నిజంగానే అప్పుడు ఇంకా బాగుంది.